ఆమెకు ఇంకా తెలియదు

కామారెడ్డి బస్టాండు ఎదుటి గోడ మీద ఒక పోస్టరు ఉండేది. మెడలో స్టెతస్కోపు వేసుకున్న తెల్లమ్మాయి నవ్వుతూ ఉంటుంది. కింద పెద్ద అక్షరాలతో, ఇల్లు కదలకుండా ఇంగ్లండు డిగ్రీ అని రాసి ఉంటుంది. ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే గంగమణి ఆ కోర్సులో చేరిందని తెలిసినప్పుడు, ఊళ్ళో సగం మంది ఆమె రేపో మాపో విమానం ఎక్కుతుందనుకున్నారు. మిగతా సగం మంది ఎవడో ఆమెకు టోపీ పెట్టాడనుకున్నారు.

రెండూ కాదు. నర్సింగులో డిప్లొమా చేసి ఏళ్ళ తరబడి వార్డుల్లో పనిచేస్తున్న వాళ్ళ కోసం పెట్టిన డిగ్రీ అది. శని, ఆదివారాల్లో కామారెడ్డిలోనే క్లాసులు. పాఠం చెప్పేది ఇక్కడివాళ్ళే. కానీ ఏం చెప్పాలో, ఎలా పరీక్షించాలో నిర్ణయించేది ఇంగ్లండులోని ఒక యూనివర్సిటీ. పట్టా మీద దాని పేరే ఉంటుంది. ఇక్కడ వేసిన మార్కులను అక్కడి పరీక్షకులు మళ్ళీ చూసి సరేనంటేనే సరే. దీనివల్ల సర్కారు కొలువు రాదని, ఇక్కడి నర్సు రిజిస్ట్రేషనుకు ఇది బదులు కాదని కోర్సు చూసుకునే కళ మేడం మొదటిరోజే కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. మాచారెడ్డి దగ్గర ఒక తండాలో పుట్టి పట్టుదలతో చదువుకుని వచ్చిన మనిషి ఆమె. మాట నాన్చడం ఆమెకు చేతకాదు. అది విని కొందరు సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. గంగమణి కదలలేదు.

డిగ్రీ ఉంటే వార్డు ఇన్‌చార్జిని చేస్తానని ఆసుపత్రి డాక్టరు ఎప్పటినుంచో అంటున్నాడు. హైదరాబాదు పోయి చదివే వీలు ఆమెకు లేదు. ఇంట్లో అత్త పోచవ్వ ఉంది, ఇంటర్ చదివే కూతురు స్నిగ్ధ ఉంది. కానీ అసలు సంగతి వేరు. ఆమె భర్త నర్సింహులు మస్కట్ పోయి పెట్టెలో తిరిగొచ్చాడు. సముద్రం అవతలి నుంచి ఈ గడపలోకి మంచిది ఒక్కటైనా రావాలన్న పంతం ఆమెలో ఉంది. పంతమంటే ఒప్పుకోదు గానీ, పంతమే.

చదువు బాగానే సాగింది. ఇంగ్లీషులో వ్యాసాలు రాయడానికి మొదట్లో కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. తర్వాత స్నిగ్ధ పక్కన కూర్చుంటే ఇద్దరూ ఒకే బల్ల మీద రాసుకున్నారు. ఎల్లారెడ్డి నుంచి లింగంపేట మీదుగా వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని పాఠం చదువుకునేది. మిగతా పరీక్షలన్నీ గట్టెక్కాయి. ఒక్కటి తప్ప.

అది ప్రాక్టికల్ పరీక్ష. గదిని ఆసుపత్రి గదిలా అమర్చారు. మూలన కెమెరా పెట్టారు. రోడ్డు ప్రమాదంలో ఒక మనిషి చనిపోయాడు, అతని భార్యకు ఆ విషయం చెప్పాలి. ఇదీ పరీక్ష. మాటలన్నీ తెలుగులోనే, కింద ఇంగ్లీషు వేసి ఆ వీడియోను అక్కడికి పంపుతారు. కాలేజీ క్యాంటీను నడిపే చంద్రవ్వ భార్య వేషం కట్టింది. కాలేజీ బస్సు డ్రైవరు ఆమె మరిదిగా కూర్చున్నాడు.

ఈ పరీక్షకు గంగమణి అసలు చదవనే లేదు. చదవాల్సిన అవసరం ఏముంది? ఎల్లారెడ్డి ఆసుపత్రిలో ఎవరైనా పోతే డాక్టరు పిలిచేది ఆమెనే. వచ్చిన చుట్టాల్లో గుండె దిటవు గల మగమనిషిని ఒక్క చూపులో పసిగట్టేది. మెట్ల దగ్గరికి తీసుకుపోయి ఆయన చెవిన వేసేది. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చి, సీరియస్‌గ ఉన్నదమ్మా, పెద్ద దవాఖానకు తోలుతున్నరు అని భుజం నిమిరేది. బండి ఎక్కించేది. వాళ్ళకు ఇంటి దగ్గర తెలిసేది. ఆమె ఉన్నప్పుడు వార్డులో ఎవరూ గుండెలు బాదుకోలేదు. గంగమణి ఉంటే నాకు భయం లేదు అనేవాడు డాక్టరు.

పరీక్షలోనూ అంతే చేసింది. గదిలోకి వస్తూనే డ్రైవరుకు కంటితో సైగ చేసింది. బయటికి తీసుకుపోయి చెప్పింది. వేషమని తెలిసినా అతని ముఖం పాలిపోయింది. లోపలికొచ్చి చంద్రవ్వ చేయి పట్టుకుని, "డాక్టర్లు చూస్తున్నరవ్వా. దేవుడున్నడు. నువ్వింత తిని ధైర్యంగ ఉండు" అంది. ఎంత చక్కగా అందంటే, బయటికి వస్తూ తనను తానే మెచ్చుకుంది.

ఫలితం వచ్చింది. ఫెయిల్.

కళ మేడం ఆమెను గదిలోకి పిలిచి వీడియో పెట్టింది. "నీ తప్పేందో నువ్వే చూసి చెప్పక్కా" అంది. గంగమణి రెండుసార్లు చూసింది. తప్పేమీ కనబడలేదు. అప్పుడు మేడం, గంగమణి డ్రైవరును తీసుకుని బయటికి వెళ్ళిన చోట ఆపి, అక్కణ్ణించి మళ్ళీ నడిపింది. కెమెరా గదిలోనే ఉంది కదా, తీస్తూనే ఉంది. గదిలో చంద్రవ్వ ఒక్కతే. తలుపు వైపు చూస్తోంది. కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఒకసారి లేవబోయి మళ్ళీ కూర్చుంది. అలా చేయమని ఆమెకెవరూ చెప్పలేదు.

"అక్కడి పరీక్షకురాలు పొడుగ్గా ఏం రాయలేదక్కా. వీడియో అయిపోయింది, ఆమెకు ఇంకా తెలియదు అని రాసింది. అంతే" అంది కళ.

గంగమణికి ఒళ్ళు మండింది. "వాళ్ళకేం ఎరుక మేడం మన సంగతి? పెండ్లానికి మొగం మీదనే చెప్తరా ఎవరన్న? గుండె ఆగి సస్తే?"

"చెప్పరు. మా తండాల గూడ చెప్పరు. ఎందుకు చెప్పరని అడుగుతున్న."

"ఎందుకేంది? ఓర్సుకోలేరని."

"ఓర్సుకోలేనిది వాళ్ళా, మనమా?" అంది కళ. గట్టిగా అనలేదు. ఇంకొక్క అవకాశమే ఉందని, ఈ ఒక్క పరీక్ష తప్పితే డిగ్రీ మొత్తం ఆగుతుందని కూడా చెప్పింది.

బస్సులో గంగమణి పుస్తకం తెరవలేదు. కొంగు వేలికి చుట్టుకుంటున్న చంద్రవ్వే కళ్ళ ముందు మెదులుతోంది. అది ఒకప్పటి తన కొంగేనని ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళుగా ఆ జ్ఞాపకం మీద మూత పెట్టి కూర్చుంది. ఇప్పుడు ఎక్కడో ఇంగ్లండులో ఉన్న ముక్కూమొఖం తెలియని మనిషి ఒక్క వాక్యంతో ఆ మూత తీసేసింది.

స్నిగ్ధ అప్పుడు చంటిపిల్ల. నర్సింహులు మస్కట్‌లో రాత్రి పడుకుని తెల్లారి లేవలేదు. అదే గదిలో ఉండే ఊరి కుర్రాళ్ళు ఫోను చేసింది గంగమణికి కాదు, మరిది సాయిలుకు. గల్ఫ్‌లో మనిషి పోతే ఇక్కడి ఊళ్ళలో జరిగేది ఇదే. శవం వచ్చేదాకా భార్యకు చెప్పరు. కాయితాలు కావాలి, విమానం దొరకాలి, అన్నాళ్ళు ఆమె ఏడ్చి ఏడ్చి ఏమవుతుందోనని ఊరు ఊరంతా నోటికి తాళం వేసుకుంటుంది. సాయిలు ఆమె ఫోను తీసుకుని ఖరాబైందన్నాడు. అన్నకు జ్వరం, దవాఖానల ఉన్నడు అన్నాడు. నల్లా దగ్గర ఆమె బిందె పెట్టగానే మాటలు ఆగిపోయేవి. అడగకుండానే ముందు ఆమె బిందె నింపేవారు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

అవి బతుకమ్మ రోజులు. పోచవ్వ రోజూ పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని ఒక్కతే తంగేడు పూలకు పోయేది. ఎండెక్కాక వచ్చేది. కళ్ళు ఎర్రగా ఉంటే, దుమ్ము పడ్డదనేది. తెచ్చిన పూలు రోజురోజుకూ ఎక్కువయ్యేవి. ఆ ఏడు ఆ ఇంటి బతుకమ్మంత పెద్దది ఊళ్ళో ఇంకొకటి లేదు. పోచవ్వే కోడలికి తల దువ్వింది, కొత్త గాజులు తొడిగింది, పట్టుచీర కట్టించింది. గంగమణి ఆడింది. పాడింది. చుట్టూ చప్పట్లు కొట్టి తిరుగుతున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆమెకే తెలియదు. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ అయిన తర్వాత పెట్టె వచ్చింది.

చావును ఆమె ఎలాగో దిగమింగింది. ఆ ఆటను మాత్రం మింగలేకపోయింది. తాను విధవగా గాజులు గలగలలాడించి ఆడుతుంటే ఊరంతా చూసిందన్న తలపు వస్తే ఇప్పటికీ ఆమెకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆ తర్వాత పిల్లను చంకనేసుకుని, బీడీలు చుట్టి, తనను నర్సింగు చదువుకు పంపింది ఆ పోచవ్వే. కడుపులో పెట్టుకుని చూసుకున్న మనిషిని నిలదీయడమెలా? ఒక్కనాడూ అడగలేదు. అడగకపోగా, నర్సయ్యాక తానూ అదే పని నేర్చుకుంది. నేర్పరి అనిపించుకుంది.

రెండోసారి పరీక్షకు ఇంకా వారాల గడువు ఉండగా, పోచవ్వ నాలుక కింద పుండు లేచింది. తంబాకు నమిలే అలవాటు ఆమెది. పుండు ఎంతకీ మానకపోతే గంగమణి, సాయిలు ఆమెను కామారెడ్డి తీసుకుపోయారు. డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. రిపోర్టు వచ్చిన రోజు పోచవ్వను బయట బెంచీ మీద కూర్చోబెట్టి వీళ్ళిద్దరినీ లోపలికి పిలిచాడు. క్యాన్సరు. ముదిరింది. హైదరాబాదు తీసుకుపోతే ఆపరేషనో, రేడియేషను కరెంటు పెట్టడమో చేస్తారు. ఆశ లేదని చెప్పలేను, ఉందని కూడా గట్టిగా చెప్పలేను అన్నాడు.

బయటికి వస్తుంటే సాయిలు ఆమె దారికి అడ్డం నిలబడ్డాడు. అతని కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. "అవ్వకు చెప్పకు వదినె. పన్ను గీసుకుని అయిన పండ్ల పుండు అని చెప్దాం. గా ముసల్ది ఓర్సుకోలేదు."

గంగమణి తలూపింది. చదివిన చదువు ఎటు పోయిందో, తల దానంతట అదే ఊగింది.

బస్సులో పోచవ్వ కిటికీ పక్కన కూర్చుంది. "డాక్టరేమన్నడు?" అని అడిగింది.

"ఏం లేదవ్వా. పండ్ల పుండట. మందులకు మానుతది" అన్నాడు సాయిలు.

పోచవ్వ కొడుకు వైపు చూడలేదు. కోడలి వైపు చూసింది. గంగమణి చేతిలోని మందుల సంచిని సర్దుకుంది. పోచవ్వ ముఖం తిప్పుకుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కొంగు అంచును వేలికి చుట్టుకుంది, విప్పింది. మళ్ళీ చుట్టుకుంది. ఎల్లారెడ్డి వచ్చేదాకా గంగమణి ఆ వేలినే చూస్తూ కూర్చుంది.

తెల్లారి స్నిగ్ధ కాలేజీకి పోయింది. పోచవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. గంగమణి పీట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. నిలబడి చెప్పొద్దు, కళ్ళ ఎత్తులో కూర్చోవాలి, ఎంత తెలుసుకోవాలని ఉందో ముందు వాళ్ళనే అడగాలి, చెప్పాక నోరు మూసుకుని అక్కడే ఉండాలి అని క్లాసులో చెప్పారు. ఇవన్నీ వట్టి మాటలనుకుంది అప్పుడు. ఇప్పుడు ఆ మాటలే లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలిసేది కాదు.

"అత్తా, నిన్న డాక్టరు చెప్పింది చెప్పమంటవా? వద్దంటే చెప్ప."

పోచవ్వ ఆమె కళ్ళలోకి చూసింది. "చెప్పు" అంది.

"అది పండ్ల పుండు కాదు. క్యాన్సరు."

అనేసింది. అన్న తర్వాత లేచి పారిపోవాలనిపించింది. వార్డులో ఎన్నిసార్లు మెట్ల దగ్గరికి నడిచిందో, ఆ కాళ్ళు ఇప్పుడూ అటే లాగాయి. పీటను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. పోచవ్వ అరవలేదు. గుండె ఆగలేదు. కొట్టంలో బర్రె మెడ గంట మోగింది. ఎదురింటి కోడలు చాట ఎత్తి బియ్యం చెరుగుతోంది. ఆమె పని ఆమెది.

"ఊళ్ళె ఎవలెవలకు ఎరుక?" అని అడిగింది పోచవ్వ.

"సాయిలుకెరుక, నాకెరుక. ఊరికి తెల్వదు. ఊరికి తెలిసేకంటె ముందే నీకు చెప్పాలనుకున్న."

ఆ మాటకు పోచవ్వ పెదవులు వణికాయి. రోగం పేరు విన్నప్పుడు కూడా వణకలేదు. "గప్పుడు నేను నీకు చెప్పకపోతి" అంది.

గంగమణి పీట ముందుకు జరుపుకుంది. "ఎందుకు చెప్పలేదత్తా? ఊరంత చూస్తుంటె నాతోటి ఎందుకు ఆడిపిచ్చినవ్?"

"ఇగ మళ్ళ నువ్వు పువ్వు పెట్టవు, గాజులేసుకోవు అని నాకెరుకే గద బిడ్డా. ఎట్లనన్న ఎనుకకు తెచ్చేది లేదు వాన్ని. నీకు ఆ తొమ్మిది దినాలన్న ఉండనిద్దామనుకున్న. తప్పో ఒప్పో నాకు తెల్వది. ఇంట్ల ఏడిస్తె నువ్వు జూస్తవు. గందుకే తంగేడు చెట్లల్లకు పోయి ఏడిసేది. ఏడ్సుకుంట తెంపేది. ఏడుపు ఆగకపోయేది, చేతులు ఆగకపోయేటియి. గన్ని పువ్వులు అట్లనే అయినయి."

ఊళ్ళోకెల్లా పెద్ద బతుకమ్మ. ఇన్నేళ్ళూ ఆ ఎత్తు తలుచుకుని గంగమణి సిగ్గుతో చచ్చిపోయింది. కన్నకొడుకు పోయిన తల్లి ఒక్కనాడైనా నోరారా ఏడవకుండా దాన్ని పేర్చిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె కోపం కోపంగానే ఉంది, అది తప్పే, ఇప్పుడూ తప్పే అంటుంది. కానీ ఆ తప్పు చేసిన మనిషి ఎంత మోసిందో చూశాక, పీట మీంచి లేచి అత్త మోకాళ్ళ మీద తల పెట్టింది. పోచవ్వ ఆమె జుట్టు సవరిస్తూ ఉండిపోయింది. హైదరాబాదు పోతానంది. బతుకమ్మ పండుగ పోయినంక పోతానంది. సాయిలు వచ్చి ఎగిరిపడితే, "నా రోగం నాకు చెప్పెటందుకు నీ ఇజాజత్ కావాల్నారా?" అని కొడుకు నోరు మూయించింది.

రెండోసారి పరీక్షలో గంగమణి చంద్రవ్వ ఎదురుగా కూర్చుంది. డ్రైవరు లేవబోతే కూర్చోమంది. చెప్పాల్సిన మాట చెప్పి, అక్కడే ఉంది. వేషం కట్టిన చంద్రవ్వ నిజంగానే ఏడ్చింది. అలా ఏడ్వమని కూడా ఆమెకెవరూ చెప్పలేదు. గంగమణి చేయి వదలలేదు, గడియారం చూడలేదు. బయటికి వచ్చాక తనను తాను మెచ్చుకోవాలని ఆమెకు తోచలేదు. పాసయిందన్న కబురు పండుగ ముందు వచ్చింది. పట్టా ఇంకా రావాలి.

పండుగ మొదటిరోజు, ఎంగిలిపూల నాటి పొద్దున గంగమణి గంప తీసుకుంది. విధవ పూలకు పోవడమేమిటని ఎవరో అనకపోలేదు. స్నిగ్ధ ఆడుతుంది, నేను తెంపుతాను, అందులో మీకేం నొప్పి అనుకుని ఆగకుండా నడిచింది. తంగేడు పొదలు ఊరి బయట, వాగు ఒడ్డున ఉన్నాయి. ఒక్కతే పోయింది. ఎండెక్కాక వచ్చింది. గంప నిండి, కొంగు నిండి, ఇంకా ఒక మోపు చేతిలో ఉంది.

వాకిట్లో మంచం మీద కూర్చున్న పోచవ్వ ఆ పూలను చూసింది. తర్వాత కోడలి ముఖం చూసింది.

"దుమ్ము పడ్డదత్తా" అంది గంగమణి, ఆమె అడగకముందే.

"ఎందుకే గంత దూరం?" అంది పోచవ్వ. మంచం మీద పక్కకు జరిగి చోటు చూపించింది. "నాకెరుకే అయిపాయె గద. ఇగ ఈడ్నే ఏడువు, నా పక్కకు కూసోని."

గంగమణి గంప దింపి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.